కాతిల్ కన్నా ముందు రావీని వెతకండి



పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో టీవీలో ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది. 1964 నాటి ఎన్టీఆర్ సినిమా. అమ్మీ తన కుర్చీలో, మా మామూ దీవాన్ మీద, నేను కింద చాప మీద. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి సగం టీవీలో, సగం ఫోన్లో ఉంది. ఉన్నట్టుండి దాని ఫోన్ మోగింది. క్లాసులో పిల్ల పంపిన మెసేజ్: “మీ హైదర్ జంగ్ వచ్చాడు, చూడవే!” పక్కన నవ్వుతున్న బొమ్మ.

ఆ పిల్ల మంచిదే. ఏటా ఈద్‌కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తిని, వాళ్ళమ్మకి డబ్బాలో పెట్టించుకుని పోయే పిల్ల. సరదాకే అంది. కానీ మా అమ్మాయి నవ్వలేదు. ‘మీ’ అన్న ఒక్క అక్షరం దానికి గుచ్చుకుంది.

“అబ్బూ, హైదర్ జంగ్ నిజంగా అంత చెడ్డోడా?”

“సినిమా కదా బేటీ, వదిలెయ్” అన్నాను నేను.

“మనోళ్ళని ఎప్పుడూ ఇలాగే చూపిస్తారు. అంతా ఝూట్” అన్నాడు మామూ.

అది ఇద్దరి మొహాలూ చూసి, “అంటే మీ ఇద్దరికీ తెలీదన్నమాట” అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళుగా వార్తలు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఎవడైనా ఫోన్ చేసి ‘ఫలానా చోట ఇలా జరిగిందండి’ అంటే, ‘నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా’ అని అడిగిన తర్వాతే పెన్ను తీసేవాణ్ణి. ఇంట్లో కూతురు అడిగిన సవాల్‌కి మాత్రం తహకీక్ లేకుండా నోటికొచ్చిన జవాబిచ్చాను. ఆ షరమ్‌తోనే ఇది రాస్తున్నాను. హైదర్ జంగ్ గురించి, ఇంకా ముందు ఒక రకం నవలల గురించి. ఈ రెండూ ఒకటే సంగతి అని నా నమ్మకం.

జాసూసీ నవలలు మన ఇళ్ళకి కొత్తేం కాదు. ఉర్దూ మీడియంలో చదివిన నా ఈడువాళ్ళకి ఇబ్నె సఫీ పేరు చెబితే ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. 1952లో ‘జాసూసీ దునియా’ మొదలుపెట్టాడు. ఉర్దూలో బూతు ఉంటేనే పుస్తకం అమ్ముడుపోతుందన్న మాటని అబద్ధం చేయడానికే తాను రాశానని చెప్పుకున్నాడాయన. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్, తర్వాత ఇమ్రాన్. మా అబ్బాజాన్ నమాజ్‌కి వెళ్ళగానే ఆయన తలగడ కింద నుంచి తీసి చదివేవాణ్ణి. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు దొరికాడు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. రెండు భాషల్లోనూ నాకు ఒకటే మజా.

ఇంగ్లీషువాళ్ళు ఇందులోనే ‘కోజీ మిస్టరీ’ అని ఒక రకం పెట్టుకున్నారు. ఊరు చిన్నది. మనుషులంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. పేజీల మీద రక్తం పారదు. ఖూనీ గుట్టు విప్పేది చాలాసార్లు పోలీసు కాదు, ఒక లైబ్రేరియనో, పంతులమ్మో, రిటైరైన ప్రొఫెసరో. చాయ్ తాగుతూ చదువుకోవచ్చు, ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వొచ్చు. గోదారికి పాయల్లాగా ఈ రకానికీ పాయలున్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, చదువుకున్న మనిషి ఒకరు ఎన్నో ఏళ్ళ కిందటి కతల్‌ని పాత కాగితాల్లో వెతికే నవల.

దానికి పెద్ద మిసాల్ జోసెఫిన్ టే 1951లో రాసిన ‘ద డాటర్ ఆఫ్ టైమ్’. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద పడున్న ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్‌కి పొద్దుపోదు. ఎవరో ఇచ్చిన బొమ్మల్లో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ తస్వీర్ చూస్తాడు. అన్న కొడుకులైన ఇద్దరు పసి షహజాదాలని 1483లో కోటలో చంపించాడని ఆ రాజు మీద నింద. స్కూలు పుస్తకాలన్నీ అదే చెబుతాయి. ‘ఈ మొహం ఖూనీకోరుది కాదే’ అనిపిస్తుంది ఇన్‌స్పెక్టర్‌కి. పరిశోధన చేసుకునే ఒక కుర్రాణ్ణి లైబ్రరీలకి పంపి కాగితాలు తెప్పిస్తాడు. మంచం దిగకుండానే కేసు నడుపుతాడు. 1990లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం ఓటింగ్ పెడితే, అన్ని కాలాల నేర నవలల్లోనూ మొదటి స్థానం దీనికే వచ్చింది.

ఆ నవలలో ఒక చోట నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. రిచర్డ్ జాలిమ్ అని అందరూ నమ్మడానికి ముఖ్యమైన ఆధారం థామస్ మోర్ రాసిన చరిత్ర. మోర్ గొప్పవాడు, నిజాయితీపరుడు, మాట కోసం ప్రాణమిచ్చినవాడు. కానీ రిచర్డ్ గద్దెనెక్కినప్పుడు ఈ మోర్ వయసెంత? ఐదేళ్ళు! అంటే ఆయన రాసింది చూసింది కాదు, విన్నది. ఎవరి దగ్గర విన్నాడు? రిచర్డ్ దుష్మన్ల కొలువులో ఉన్నవాళ్ళ దగ్గర.

భాయీ, బెహనో, ఇది మనకి ఎక్కడో విన్నట్టు లేదూ? మన ముహద్దిసులు చేసిన పని ఇదే కదా! ఒక హదీస్ వస్తే ముందు మాటని కాదు, సనద్‌ని చూసేవారు. నీకెవరు చెప్పారు? ఆయనకెవరు చెప్పారు? ఈ రావీ ఏ సాల్లో పుట్టాడు, ఏ ఊళ్ళో ఉన్నాడు, ఆ పై రావీని కలిసే వీలుందా? జ్ఞాపకం గట్టిదా, మనిషి సచ్చా అయినా మతిమరుపు వాడా? దీనికోసం అస్మా-ఉర్-రిజాల్ అని ఒక ఇల్మునే తయారు చేశారు. వేలమంది రావీల జీవితాలు రాసిపెట్టారు. లండన్ ఆసుపత్రిలో ఆ ఇన్‌స్పెక్టర్ మోర్ వయసు లెక్కపెట్టడం అచ్చం అదే పని. ‘చదువుకున్న డిటెక్టివ్’ మనకి పరాయివాడు కాదు. మన మదర్సాల్లో ఎప్పుడో కూర్చుని పోయినవాడు.

అలాగని ఆ నవలని నెత్తిన పెట్టుకోమనను. అందులో ఒక లోపం ఉంది, అది మనం నేర్చుకోవలసిన లోపం. ఇన్‌స్పెక్టర్ తహకీక్ మొదలుపెట్టింది మొహం చూసి. ‘ఇతను మంచోడు’ అని దిల్‌లో ముందే ఫైసలా చేసుకుని, తర్వాత గవాహీలు వెతికాడు. అందుకే రిచర్డ్ బేఖసూర్ అన్న అతని తీర్పుని హిస్టరీ ప్రొఫెసర్లు చాలామంది ఇప్పటికీ ఒప్పుకోరు. మామూ చేసింది కూడా ఇదే. హైదర్ జంగ్ పేరు చూసి కేసు కొట్టేశాడు. ఆ మెసేజ్ పంపిన పిల్ల అదే పేరు చూసి శిక్ష వేసింది.

ఇప్పుడు అసలు కేసుకి రండి. ఇది మన కోనసీమ గడప దగ్గరే మొదలవుతుంది.

అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా వెళ్ళి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కితే గౌతమి దాటి యానాంలో దిగుతాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి జెండా ఎగిరింది. గోదారి గట్టున ఫ్రెంచివాళ్ళకి ఏం పని అని పిల్లలు అడుగుతారు. జవాబులో ఒక ముక్క: 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లని ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికిచ్చాడు. మన కోనసీమ ఆ రాజమండ్రి సర్కార్‌లోదే. బుస్సీకి దీవాన్‌గా ఉండి, అతని మాటని దర్బార్లలో నడిపించినవాడు అబ్దుల్ రహమాన్. ఆయన ఖితాబే హైదర్ జంగ్.

1757 జనవరిలో బొబ్బిలి కోట కూలింది. విజయనగరం విజయరామరాజు పక్కన ఉండగా బుస్సీ ఫౌజు కోటని ముట్టడించింది. లోపలివాళ్ళు ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకుని, యుద్ధంలో చచ్చిపోయారు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలో దూరి ఆయన్ని చంపాడు. ఇవి పాటల్లో, నాటకాల్లో, సినిమాలో మనకి తెలిసినవే. అక్కడితో మన కథలన్నీ ఆగిపోతాయి. హైదర్ జంగ్ ఏమయ్యాడో ఎవరూ అడగరు.

ఆయన కూడా డేరాలోనే చచ్చిపోయాడు. 1758 మే నెల, హిజ్రీ 1171 రంజాన్ మొదటి రోజులు. ఊరు ఔరంగాబాద్. సలాబత్ జంగ్ తమ్ముడు నిజాం అలీని అధికారం నుంచి తప్పించడానికి హైదర్ జంగ్ పావులు కదుపుతున్నాడు. నిజాం అలీ అది పసిగట్టి, మాట్లాడదాం రమ్మని తన డేరాకి పిలిపించాడు. అక్కడే ఆయన మనుషులు హైదర్ జంగ్‌ని చంపేశారు.

అదే రోజు ఇంకో ఖూనీ జరిగింది. షా నవాజ్ ఖాన్ అని సలాబత్ జంగ్‌కి అంతకుముందు వజీర్. హైదర్ జంగ్ ఎత్తుల వల్ల పదవి పోయి ఖైదులో ఉన్నాడు. హైదర్ జంగ్ చచ్చాడన్న వార్త ఫ్రెంచి దళంలో పాకగానే, ఆ గలాటాలో షా నవాజ్‌నీ, ఆయన చిన్న కొడుకునీ చంపారు. ఇల్లు లూటీ అయింది. ఈ షా నవాజ్ ఉత్త వజీర్ కాదు, ఆలిమ్. అంతకు ముందు పదవి పోయి ఇంట్లో కూర్చున్న ఐదేళ్ళలో ‘మఆసిర్-ఉల్-ఉమరా’ అని మొఘల్ ఉమరాల జీవితాలన్నీ పార్సీలో రాసుకున్నాడు. మొఘల్ కాలం మీద పనిచేసేవాళ్ళు ఈరోజుకీ ఆ కితాబ్ తెరవకుండా ముందుకి పోలేరు. ఆ లూటీలో రాతప్రతి కూడా పోయింది.

నవలలో డిటెక్టివ్ ఇక్కడ రావాలి. నిజంగానే వచ్చాడు. మీర్ గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ, అరబ్బీ పార్సీల్లో షాయర్, చరిత్రకారుడు, షా నవాజ్‌కి జిగ్రీ దోస్త్. దోస్త్ పోయాడు, కనీసం దోస్త్ రాసింది దొరకాలని వెతికాడు. ఏడాది గడిచాక చెల్లాచెదురైన కాగితాలు దొరికాయి. కొన్ని జీవితాలు లేవు. ఉన్నవాటిని వరసగా పేర్చి, షా నవాజ్ జీవితం తన చేత్తో రాసి ముందు పెట్టాడు. తర్వాత షా నవాజ్ ఇంకో కొడుకు అబ్దుల్ హయ్ మిగిలిన జీవితాలు కలిపి 1780లో పుస్తకం పూర్తి చేశాడు. అబ్బా చంపబడ్డాడు. అబ్బా పుస్తకాన్ని బేటా పూర్తి చేశాడు. ఇంతకన్నా గొప్ప నవల ఏ ఇంగ్లీషు లైబ్రేరియన్ చుట్టూ అల్లారో చెప్పండి!

ఈ ఖూనీకీ మన గోదారికీ ఏం సంబంధం అంటారా? కుడిచెయ్యి లాంటి దీవాన్ పోయాడు. అదే వేసవిలో ఫ్రెంచి గవర్నర్ లాలీ బుస్సీని వెనక్కి పిలిపించాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి ఫౌజుని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ళకి దక్కింది. తర్వాత సర్కార్లన్నీ కంపెనీ చేతికి పోయాయి. ఒక్క డేరాలో జరిగిన ఖూనీయే ఇదంతా చేసిందని నేను అనను, అంటే అదీ తహకీక్ కాదు. లాలీ ఉత్తరం లేకపోతే కథ ఇంకోలా ఉండేదేమో. కానీ కోనసీమ మీద ఏ జెండా ఎగరాలో తేలిన ఆ ఏడాది కథలో ఈ ఖూనీ ఒక అధ్యాయం.

ఇక రావీల లెక్క చూద్దాం. బొబ్బిలి కథ పాడినవాళ్ళ గుండె బొబ్బిలి వైపుంది. అది న్యాయమే, కోల్పోయినవాళ్ళ దుఃఖం అది. కానీ ఆ కథల్లో హైదర్ జంగ్ లంచం మాట వస్తే, చూసిందెవరని అడిగే హక్కు మనకుంది. ఇంగ్లీషు చరిత్ర రాసిన ఓర్మ్ కంపెనీ మనిషి, ఫ్రెంచివాళ్ళకి పోటీదారు. ఆయన బొబ్బిలి, విజయనగరాల పగలో వాగుల నీళ్ళు మళ్ళించుకునే తగాదా కూడా చెబుతాడు. కాలవ నీటి కోసం గట్ల మీద కర్రలు లేవడం చూసిన మన రైతులకి ఆ ముక్క వెంటనే అర్థమవుతుంది. ఆజాద్ బిల్‌గ్రామీ మహా ఆలిమ్, కానీ చంపబడ్డవాడి దోస్త్. దోస్త్‌ని ఖైదులో పెట్టించినవాడి గురించి ఎంత చల్లగా రాయగలడు? ఈ ఖూనీ వల్ల ఎవరికి ఫాయిదా అన్న డిటెక్టివ్ సవాల్ కూడా వేయాలి. నాలుగేళ్ళకి, 1762లో, నిజాం అలీ అన్న సలాబత్ జంగ్‌ని దించి ఖైదులో పెట్టి తానే నిజాం అయ్యాడు.

ఇంకో మాట. పాపారాయుడు డేరాలో దూరి చంపితే మనం పౌరుషం అన్నాం. నిజాం అలీ డేరాకి పిలిచి చంపిస్తే కుట్ర అంటాం. రెండూ ఒకటే అని నేను అనను. కానీ ఒకదాన్ని పాడటానికి పాటగాళ్ళున్నారు, రెండోదానికి లేరు. మన తీర్పులో ఆ తేడాకి ఎంత వాటా ఉందో చూసుకోవాలి.

ఇవన్నీ ముందు పెట్టుకుంటే హైదర్ జంగ్ నాకు మజ్లూమ్‌గా కనబడడు. తెలివైనవాడు, పదవి కోసం ఎత్తులు వేసినవాడు, ఒక ఆలిమ్‌ని ఖైదు చేయించినవాడు. పరాయి ఫౌజుకి దర్వాజాలు తెరిచినవాడు. సినిమాలో చూపించిన పాపం సంగతి రుజువు కావాలి, సినిమాలో లేని పాపాలు మాత్రం కాగితం మీద ఉన్నాయి. మామూకి ఇది నచ్చలేదు. “మనోణ్ణి మనమే తిట్టుకుంటామా?” అన్నాడు. నిసా సూరా 135వ ఆయత్ చూపించాను. గవాహీ మన మీదికొచ్చినా, అమ్మానాన్నల మీదికొచ్చినా, దగ్గరివాళ్ళ మీదికొచ్చినా ఇన్సాఫ్ వదలొద్దని అల్లా హుకుం. ‘మనోడు’ అన్న వకాల్తా అక్కడ చెల్లదు.

అమ్మీ ఇంకో అభ్యంతరం చెప్పింది. “జాసూసీ మంచిది కాదు కదరా, ఖురాన్‌లోనే వద్దన్నారు” అని. నిజమే. హుజురాత్ సూరా 12వ ఆయత్ బద్‌గుమానీ వద్దంటుంది, ఒకరి గుట్టు తవ్వొద్దంటుంది. కానీ అదే సూరా 6వ ఆయత్ ఏమంటుంది? నమ్మదగనివాడు వార్త తెస్తే తహకీక్ చేసుకోండి, తెలియక ఎవరికైనా నష్టం చేసి తర్వాత పస్తాయించాల్సి వస్తుందంటుంది. పక్కింటి కిటికీలో తొంగిచూడటం ఒకటి, చెవిన పడ్డ మాటని పరీక్షించడం ఒకటి. మొదటిది గునాహ్, రెండోది ఫర్జ్. మంచి మిస్టరీ నవల పిల్లలకి నేర్పేది రెండోదే.

మన ఊళ్ళలో ఇది ఎంత అవసరమో నేను చెప్పాలా? 2022 మేలో అమలాపురంలో జిల్లా పేరు మీద ఇళ్ళు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ‘ఆయ్, అండీ’ అంటూ నెమ్మదిగా మాట్లాడుకునే కొబ్బరి తోటల సీమ కూడా ఒక్క సాయంత్రంలో ఎలా మారిపోతుందో చూశాం. పాత ఖూనీల వార్తలు కూడా అలాగే ఫోన్లలో తిరుగుతాయి. ఫలానా నవాబు ఇన్ని తలలు నరికాడని వాళ్ళకొకటి, మనోళ్ళు ఎప్పుడూ బేఖసూరే అని మనకొకటి. మన పిల్లల చేతికి రెండే తయారు కథలు దొరుకుతున్నాయి. ఒకదాంట్లో వాళ్ళు కాతిల్ వారసులు, ఇంకోదాంట్లో ఎప్పటికీ మజ్లూమ్‌లు. మూడో పాత్ర ఒకటుంది, వెతికేవాడి పాత్ర. దాన్ని వాళ్ళకి ఇవ్వండి.

ఇంగ్లీషులో ఇది మొదలైంది. మధులికా లిడిల్ 2009 నుంచి షాజహాన్ కాలపు ఢిల్లీలో ముజఫ్ఫర్ జంగ్ అనే ముస్లిం యువకుణ్ణి డిటెక్టివ్‌గా నడిపించింది. సుజాతా మాసీ 2018 నవలలో 1921 బొంబాయిలో పర్దాలో ఉన్న ముగ్గురు ముస్లిం బేవాల ఇంట్లోకి పార్సీ ఆడ లాయర్ పర్వీన్ మిస్త్రీ వెళ్తుంది. మగ పోలీసు అడుగుపెట్టలేని జనానాలోకి ఆమె మాత్రమే వెళ్ళగలదు. తెలుగు థ్రిల్లర్లు తెరిస్తే నాకు మన పేర్లు ఎక్కువగా అనుమానితుల జాబితాలోనే కనబడతాయి. దీని మీద ఏడవడం చాలు. రాద్దాం.

అమలాపురం డిగ్రీ కాలేజీలో ఒక హిస్టరీ మేడం ఉందనుకోండి. నానా దగ్గర పార్సీ నేర్చుకుంది, షికస్తా రాత చదవగలదు. కొత్తపేట బస్సులో వెళ్తూ పేపర్లు దిద్దుకుంటుంది. రాజోలులో ఎవరింట్లోనో ఇల్లు పడగొడుతుంటే పెట్టెలో పాత కాగితాలు దొరుకుతాయి... ఈ నవల ఎవరు రాస్తారు? నేను రాయలేనేమో, వార్తలకి అలవాటైన చెయ్యి ఇది. మీ ఇంట్లో కథలు చెప్పే పిల్ల ఉంటే రాయగలదు.

ఒక షరతు ఉంది. ఆ మేడంకి చదవడం వచ్చింది కాబట్టే కేసు తేలుతుంది. మన ఇళ్ళలో నిఖానామాలు, దస్తావేజులు, గల్ఫ్ నుంచి చాచాలు రాసిన ఖత్‌లు పెట్టెల్లో ఉన్నాయి. ఉర్దూ అక్షరం రాని పిల్లలకి అవి చిత్తు కాగితాలు. మొన్న మా అబ్బాజాన్ పెట్టె తీసి మా అమ్మాయి చేత ఒక ఖత్ చదివించబోయాను. ‘అజీజ్’ దగ్గరే ఆగిపోయింది. తప్పు దానిది కాదు, నాది. ఇప్పుడు రోజూ ఇషా తర్వాత పావుగంట అలిఫ్, బే, పే.

ఆ క్లాస్‌మేట్‌కి అది రెండు రోజుల తర్వాత జవాబు రాసింది. నాకు చూపించింది. “హైదర్ జంగ్ అంత మంచోడేం కాదే. కానీ లంచం తిన్నాడని ఎవరు చూశారో నీకు తెలుసా? నాకూ తెలీదు. ఆదివారం మా ఇంటికి రా, అబ్బూ దగ్గర పెద్ద కేసు ఉంది.”

ఆ పిల్ల వస్తానంది. షీర్ ఖుర్మా కూడా కావాలంది.